బిడ్డ తరఫున ‘సరే’ అనేదెవరు?

2013 ఆగస్టు 30న పార్లమెంటు ముందుకు వచ్చిన ఒక నివేదికలో ఉమ్మడి ఖమ్మం జిల్లా గురించి మూడు అంకెలు ఉన్నాయి. పరిశీలించిన అంగీకార పత్రాలు 9,543. వేలిముద్రలు ఉన్నవి 1,948. హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ వ్యవహారాలు చూసే పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక అది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా కోసం పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల తరఫున తీసుకున్న పత్రాలవి. లెక్క వేస్తే వందలో ఇరవై తొమ్మిది పత్రాల మీద ఆ పిల్లను కన్నవాళ్ళ జాడే లేదు. పొద్దున హాజరు వేసి, రాత్రి గేటుకు తాళం వేయించే ఉద్యోగి సంతకం ఉంది. టీకా వేసిన మూడు మండలాలు భద్రాచలం, తిరుమలాయపాలెం, కొత్తగూడెం. సింగరేణి బొగ్గు కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెమే అది. గోదావరిఖనిలోనో రామగుండంలోనో ఈ ఆదివారం పేపరు తెరిచినవాళ్ళకు ఇది ఎక్కడో అడవిలో జరిగిన కథ అనిపించవచ్చు. నిజానికి ఇది మన కోల్‌బెల్ట్ గడప దాకా వచ్చిన కథ. ఇకముందు ఇంకా దగ్గరికి రాబోయే కథ.

జరిగినదాన్ని సూటిగా చెప్పుకుందాం. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జులైలో ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖమ్మంలో మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డాసిల్ టీకాను దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో స్మిత్‌క్లైన్ వారి సెర్వారిక్స్‌ను 10 వేల మందికి పైగా వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలైంది. సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం 2010 మార్చిలో ఖమ్మం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చావులకు నీట మునగడం, పాము కాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు చూపి, టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని తేల్చింది. ఆ ముగింపుకు రావడానికి చేసిన దర్యాప్తు చాలలేదని పార్లమెంటరీ సంఘం ఎత్తిచూపింది. ఆ తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు మాత్రం పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు ఎంతవరకు వాడుకోవచ్చన్న ప్రశ్నకు పరిమితమైంది. పిల్లల ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ ఉదంతాన్ని తలచుకునేవాళ్ళు ఎక్కువగా రెండు శిబిరాల్లో చేరిపోతారు. టీకా వల్లే పిల్లలు చచ్చిపోయారని ఒకరు, టీకా మంచిదే గనుక మిగతాదంతా అనవసర రాద్ధాంతమని ఇంకొకరు. రెండూ తప్పే. టీకా చంపిందనడానికి ఆధారం దొరకలేదు. హెచ్‌పీవీ టీకా పనిచేస్తుందనడంలో ఇవాళ శాస్త్రపరంగా అనుమానమూ లేదు. అయినా ఖమ్మంలో జరిగింది తప్పు. ఆ తప్పు సూదిలో లేదు, కాగితంలో ఉంది. పిల్లలు తమంతట తాము చట్టబద్ధంగా ఒప్పుకోలేరు, కాబట్టి వాళ్ళ తరఫున ఎవరో ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే మనిషికి కాదనే స్వేచ్ఛ ఉందా లేదా అన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు సంగతి. వార్డెన్‌కు ఆ స్వేచ్ఛ లేదు. పైనుంచి సర్కారు ఉత్తర్వు వచ్చినప్పుడు వద్దనే హక్కు ఆయన ఉద్యోగంలో లేదు. తల్లిదండ్రుల బదులు ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకాలు పెట్టేలా ఆదేశాలు వెళ్ళడాన్ని పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కాదనలేనివాడు పెట్టిన సంతకాన్ని అనుమతి అనలేం. అది రసీదు.

అయితే పిల్లల్ని పరిశోధనల జోలికే రానివ్వకుండా ఉంటే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. వినడానికి దయగా ఉండే మాట ఇది. చరిత్ర మాత్రం దీన్ని క్రూరమైన మాటగా తేల్చింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందును పిల్లలు కూడా తాగేలా తియ్యటి ద్రావణంలో కలిపి అమ్మారు. ఆ ద్రావణం విషమని ముందుగా ఎవరూ పరీక్షించలేదు. వంద మందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలు చాలామంది. 1950లలో క్లోరాంఫెనికాల్‌ను పెద్దల మోతాదు లెక్కకట్టి నెలల నిండని పసికందులకు ఇచ్చేవారు. పసికందు కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు. బిడ్డలు బూడిద రంగుకు తిరిగి ప్రాణాలు వదిలారు. కారణం 1959లో గానీ బయటపడలేదు. పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు. వాళ్ళ కాలేయం, మూత్రపిండాలు, మెదడు వేరే లెక్కన పనిచేస్తాయి. పరిశోధన చేయకపోతే ప్రయోగం ఆగిపోతుందని అనుకోవడం భ్రమ. పెద్దల మాత్రను సగానికి విరిచి బిడ్డ నోట్లో వేసిన ప్రతిసారీ జరిగేది ప్రయోగమే. కాకపోతే దాన్ని ఎవరూ నమోదు చేయరు, దాని నుంచి ఎవరూ నేర్చుకోరు. అటుపక్క చూడండి. 1950లలో రక్త క్యాన్సర్ వచ్చిన బిడ్డ బతకడం దాదాపు అసాధ్యం. ఇవాళ పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకానికి సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. ఏ ఒక్క అద్భుత ఔషధం వల్లా కాదు. దశాబ్దాల పాటు వేలాది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఒకదాని తర్వాత ఒకటిగా పరీక్షల్లో పాల్గొనడం వల్ల.

మన దగ్గరే ఉంది మంచి ఉదాహరణ. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. అందులో కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారాన్ని ఉప్మాగా వండి పెట్టారు. మిగతా పల్లెలకు అంగన్‌వాడీ కార్యక్రమం ఆ తర్వాత వచ్చింది. పదిహేనేళ్ళు గడిచాక అదే పిల్లల్ని వెతికి పట్టుకుని కొలతలు తీశారు. ముందుగా ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున సెంటీమీటరున్నర దాకా ఎత్తు ఎక్కువ. రక్తనాళాలు, చక్కెర విషయంలోనూ వాళ్ళ ఒంటి తీరు కాస్త మెరుగ్గా ఉంది. కడుపులో ఉన్నప్పుడు, పాలుతాగే వయసులో తిన్న తిండి నడివయసు గుండెజబ్బు దాకా ప్రభావం చూపగలదని చెప్పే ఆధారాల్లో ఇదొకటి. ఇలాగే హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకాను ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. 2016లో దేశంలో ఆ టీకాల కార్యక్రమం తొలి విడతలో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షలో పాల్గొన్న ఆ పిల్లల పుణ్యమా అని మిగతా పిల్లలకు విరేచనాల ముప్పు తగ్గింది. ఈ రుణాన్ని కాదనడం కుదరదు. పిల్లల్ని పూర్తిగా పక్కన పెట్టమనే వాదన ఈ రుణం తీసుకుంటూనే అప్పు ఇచ్చినవాళ్ళను తిట్టినట్టు ఉంటుంది.

కాబట్టి పరిశోధన జరగాలి. ఎవరి పిల్లల మీద, ఎవరు ఒప్పుకుంటే అన్నదే తేలాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో నాజీ వైద్యుల విచారణ నుంచి పుట్టిన న్యూరెంబర్గ్ నియమావళి తొలి వాక్యంలోనే పాల్గొనేవాడి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అంది. అక్షరాలా తీసుకుంటే దాని ప్రకారం పిల్లల మీద ఏ పరిశోధనా కుదరదు. 1964 నాటి హెల్సింకి ప్రకటన సంరక్షకుల ద్వారా ఒప్పుకునే దారి తెరిచింది. ఆ దారి గుండానే మంచీ నడిచింది, చెడూ నడిచింది. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ సంస్థలో మానసిక వైకల్యం ఉన్న పిల్లలు ఉండేవారు. 1950ల మధ్య నుంచి చాలా ఏళ్ళ పాటు కొత్తగా చేరిన పిల్లలకు పరిశోధకులు కావాలనే కామెర్ల వైరస్ ఎక్కించారు. ఎలాగూ ఆ సంస్థలో చేరితే కామెర్లు వస్తాయి కదా అన్నది వాళ్ళ సమర్థన. తల్లిదండ్రుల సంతకాలు ఉన్నాయి, నిజమే. అయితే జాగా లేక సంస్థలో మామూలు ప్రవేశాలు నిలిపేసిన రోజుల్లో ప్రయోగ వార్డులో మాత్రం ఖాళీలు ఉండేవి. బిడ్డను ఇంట్లో సాకలేక, వేరే దిక్కులేక వచ్చిన తల్లి ఆ కాగితం మీద సంతకం పెట్టక ఏం చేస్తుంది? అక్కడ సంతకం పెట్టింది వార్డెన్ కాదు, కన్నతల్లే. అయినా ఆ సంతకం విలువ ఖమ్మం వార్డెన్ సంతకానికి మించదు. తల్లిదండ్రుల సంతకం ఉంటే చాలు అనుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి.

ఇక మన బెల్టు సంగతి. కంపెనీ ఊళ్ళో బతికే మనిషికి కంపెనీ ఒక్క జీతం మాత్రమే ఇవ్వదు. ఉండేది కంపెనీ క్వార్టర్. జ్వరమొస్తే పోయేది కంపెనీ దవాఖాన. పిల్లలు చదివేది చాలా ఇళ్ళల్లో కంపెనీ బడి. నీళ్ళు, కరెంటు, ఆటస్థలం, పండుగ బోనస్, లాభాల్లో వాటా అన్నిటి మీదా ఒకే ముద్ర. 1920లో ఈ పేరుతో ఏర్పడి, ఇవాళ 51 శాతం రాష్ట్రం, 49 శాతం కేంద్రం వాటాలతో నడిచే ప్రభుత్వ సంస్థ సింగరేణి. అది పిల్లల మీద తప్పుడు ప్రయోగాలేవీ చేసిందని ఇక్కడ అనడం లేదు. అధికారం ఎలా అమరి ఉందో చూడమంటున్నాను, అంతే. బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో డాక్టర్ కాగితానికి ఉండే బరువు బయటివాళ్ళకు అంత తేలిగ్గా అర్థం కాదు. కొత్తగూడెంలో కూర్చునే మెడికల్ బోర్డు ఒక కార్మికుణ్ణి అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వచ్చే దారి తెరుచుకుంటుంది. ఫిట్ అని రాస్తే అదే ఇంట్లో ఆశలు కూలిపోతాయి. వైద్యుడి కలం కింద కుటుంబం బతుకుతెరువు ఉన్న చోట, తెల్లకోటు వేసుకున్న మనిషి వచ్చి మీ అబ్బాయి ఊపిరితిత్తుల పరీక్ష చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటే ఎంతమంది వద్దంటారు? ఆ పరీక్షకు, ఆ ఉద్యోగానికి ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. సంబంధం లేదని ఆ ఇంటికి నమ్మకం కలగాలి కదా. ఇక ఓపెన్ కాస్టుల అంచున ఉన్న పల్లెల్లో, కాంట్రాక్టు కార్మికుల బస్తీల్లో లెక్క తలకిందులు. వాళ్ళకు పర్మినెంట్ కార్మికులకున్న వైద్య హక్కు లేదు. పరిశోధన పేరుతోనైనా ఎవరో వచ్చి బిడ్డ ఛాతీకి స్టెతస్కోపు పెడితే చాలనుకునే పేదరికం వాళ్ళది. ఒకరు భయంతో సరే అంటారు, ఇంకొకరు ఆశతో సరే అంటారు. రెండూ స్వేచ్ఛగా చెప్పినవి కావు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకే రోజు ప్రారంభమైన ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో రామగుండం ఉంది, మంచిర్యాల ఉంది, కొత్తగూడెం ఉంది. ఎనిమిదిలో మూడు బొగ్గు బెల్టులోనే. ఇది సంతోషించాల్సిన విషయం. గుండెపోటు వచ్చినవాణ్ణి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తీసుకెళ్ళేలోపు పోగొట్టుకున్న ఇళ్ళు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. అయితే వైద్య కళాశాల అంటే మంచాలు, ప్రొఫెసర్లు మాత్రమే కాదు. పరిశోధన, ప్రచురణ, పదోన్నతికి కావలసిన పేపర్లు, పీజీ సీట్లు వచ్చాక ఒక్కో విద్యార్థి రాయాల్సిన సిద్ధాంత వ్యాసం కూడా వెంట వస్తాయి. ఆ పరిశోధనలకు ఇక్కడ విషయాల కొరత లేదు. ఒకవైపు బ్లాస్టింగ్ దుమ్ము, బొగ్గు పైనుంచి తవ్విపోసిన ఓబీ మట్టి కుప్పలు, బొగ్గు లారీలు. ఇంకోవైపు ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం, దాని బూడిద, ఎరువుల కర్మాగారం. ఈ గాలి పిల్లల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందన్నది తెలుసుకుని తీరాల్సిన ప్రశ్న. బాయిలో దిగే కార్మికుడికి చట్టం కింద నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షలున్నాయి. అదే దుమ్ము పీల్చే ఆయన ఆరేళ్ళ బిడ్డకు అలాంటిదేమీ లేదు. ఒంటి బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ళ ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళ దగ్గర దాకా పెరుగుతూనే ఉంటాయి. కనుక ఇక్కడి పిల్లల్ని పరిశోధన నుంచి తప్పించడం వాళ్ళకు మేలు చేయడం కాదు, వాళ్ళ కీడును లెక్కలోకి రానివ్వకపోవడం.

గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పనిలో ప్రమాదమేముంది, సూది కూడా లేదు కదా, దానికి ఇంత తర్జనభర్జన ఎందుకన్న అభ్యంతరం వస్తుంది. గట్టి అభ్యంతరమే. దీనికి జవాబు అమెరికాలో రెండు చోట్ల జరిగిన కథల్లో దొరుకుతుంది. బాల్టిమోర్‌లో 1990లలో కెనెడీ క్రీగర్ సంస్థ పరిశోధకులు పాత ఇళ్ళలోని సీసం రంగును ఎంత చవగ్గా, ఎంత మేరకు తొలగిస్తే సరిపోతుందో తెలుసుకోవాలనుకున్నారు. కొన్ని ఇళ్ళలో పాక్షికంగానే తొలగించారు. ఆ ఇళ్ళలో పసిపిల్లలున్న పేద కుటుంబాలు నివసించాయి. పిల్లల రక్తంలో సీసం ఎంత పేరుకుంటుందో కొలుస్తూ పోయారు. పరిశోధకులు ఎవరికీ విషం ఎక్కించలేదు, చూశారంతే. ఇంట్లో సీసం ధూళి ఎక్కువగా ఉందన్న సంగతి సకాలంలో తమకు చెప్పలేదని తల్లులు కోర్టుకెళ్ళారు. 2001లో మేరీల్యాండ్ అత్యున్నత న్యాయస్థానం ఆ పరిశోధనను తీవ్రంగా ఖండించింది. బిడ్డకు ప్రయోజనం లేని, ఆరోగ్యానికి ముప్పు తెచ్చే పరిశోధనకు తల్లిదండ్రులు కూడా ఒప్పుకోజాలరని తీర్పు చెప్పింది. రెండోది దక్షిణ కాలిఫోర్నియా. 1993 నుంచి అక్కడి బడిపిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదలను ఏడాదికేడాది కొలిచారు. మురికి గాలి ఉన్న ఊళ్ళలో ఎదుగుదల మందగించిందని తేల్చారు. గాలి నియమాలు బిగిశాక, తర్వాతి తరం పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయని 2015లో అదే పరిశోధకులు లెక్కలతో చూపారు. రెండు చోట్లా పిల్లల్ని కొలవడమే జరిగింది. ఒకచోట కొలత పిల్లల పక్షాన నిలబడింది, ఇంకోచోట పిల్లలే కొలబద్దలైపోయారు. మన దుమ్ము మీద జరగబోయే అధ్యయనం వీటిలో దేన్ని పోలి ఉండాలో ముందే తేల్చుకోవాలి. బిడ్డ ఊపిరి తగ్గిందని తేలితే తల్లికి ఎన్నాళ్ళలో చెబుతారు, వైద్యం ఎవరు చేయిస్తారు, నీళ్ళు చల్లే ట్యాంకర్ ఆ వీధికి వస్తుందా రాదా అన్నది పరిశోధన ప్రతిపాదనలోనే ఉండాలి. దుమ్ము లేపేవాళ్ళు, దాన్ని కొలిచేవాళ్ళు, కొలతను దాచగలిగేవాళ్ళు ఒక్కరే అయితే ఆ అధ్యయనం మొదలుకాకపోవడమే మేలు.

చదువురాని తల్లిదండ్రులకు శాస్త్రం ఎలా అర్థమవుతుందన్నది ఇంకో అభ్యంతరం. ఖమ్మం లెక్కల్లో వేలిముద్రల్ని చూసి ముక్కు విరిచినవాళ్ళున్నారు. నాకు వేలిముద్రల మీద ఫిర్యాదు లేదు. బ్యాంకు లోను పత్రాల్లో పద్దెనిమిది పేజీలు చదవకుండా సంతకాలు చేసే డిగ్రీదారులు ఊరినిండా ఉన్నారు. చదువు రావడం వేరు, చెప్పింది అర్థం చేసుకోవడం వేరు. మీ బిడ్డకు వేసేది కొత్త టీకా, ఇదివరకు ఇక్కడ పెద్ద ఎత్తున వేయలేదు, ఇష్టం లేకపోతే వేయించుకోనక్కర్లేదు, వేయించుకోకపోతే హాస్టల్ నుంచి తీసేయరు అని కోయ తల్లికి ఆమె భాషలో చెబితే అర్థం కాకపోవడానికి కారణమే లేదు. చదవలేనివాళ్ళ విషయంలో సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించాలని నియమాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2017 అక్టోబరులో ఐసీఎంఆర్ పిల్లల మీద పరిశోధనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. ఏడేళ్ళు దాటిన బిడ్డను నోటిమాటగానైనా అడగాలని, పన్నెండేళ్ళు దాటితే రాతపూర్వకంగా అడగాలని అవి చెబుతాయి. అంటే 2009లో భద్రాచలం హాస్టల్‌లో వరసలో నిలబడ్డ పదమూడేళ్ళ పిల్లకు ఇవాళైతే తనకంటూ ఒక కాగితం ఉంటుంది. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాలు కూడా పరిశోధనలకు అనుమతినిచ్చే నైతిక సంఘాల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నాయి. సంఘంలో సగం మంది సంస్థకు బయటివాళ్ళు ఉండాలన్నాయి. నియమాల్లో లోటు పెద్దగా లేదు. ఆ బయటివాళ్ళు ఎవరన్నదే చూసుకోవాలి. రామగుండంలో ఆ స్థానంలో సింగరేణిలో రిటైరైన జనరల్ మేనేజరును కూర్చోబెట్టినా నియమం అక్షరాలా అమలైనట్టే.

ఇన్ని షరతులు పెడితే మందులు ఆలస్యమవుతాయి, ఆలస్యానికి చెల్లించేది పిల్లలే అంటారు వైద్యులు. వాళ్ళ ఆవేదన నిజమైనదే. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది లక్షా 23 వేలకు పైగా మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, 77 వేలకు పైగా చనిపోయారు. టీకా ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఎక్కడో ఒక ఇంట్లో చావే. అయితే ఆలస్యం చేసింది ఎవరు? షరతులా, అడ్డదారా? ఐసీఎంఆర్, పాథ్ ఒప్పందం 2007 ఫిబ్రవరిలోనే కుదిరిందని, అప్పటికి ఆ టీకాలకు దేశంలో అనుమతే లేదని, 2008లో వచ్చిందని పార్లమెంటరీ సంఘం గుర్తుచేసింది. ఆ తొందరలో తల్లుల్ని అడిగే తీరిక లేకపోయింది. ఫలితం ఏమైంది? 2010లో ఆగిన హెచ్‌పీవీ టీకా మాట జాతీయ స్థాయిలో మళ్ళీ గట్టిగా వినిపించడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి ప్రకటించారు. వారం రోజులు ఊరూరా తిరిగి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడటానికి బద్ధకించినందుకు దేశం కట్టిన వడ్డీ అది.

ఇదే ఖమ్మం గొడవకు ఇంకో తోక ఉంది. దాన్ని చెప్పకపోతే వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. సరిగ్గా అదే కాలంలో, 2009 సెప్టెంబరు నుంచి, దేశంలో తొమ్మిది చోట్ల హెచ్‌పీవీ టీకా మీద వేరొక అధ్యయనం నడుస్తోంది. మన హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అందులో ఒక కేంద్రం. మూడు డోసులు కావాలా, రెండు చాలా అన్నది తేల్చడానికి పెట్టిన పరీక్ష అది. 20 వేల మంది అమ్మాయిలు లక్ష్యం. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దీన్ని కూడా నిలిపేసింది. ఆ నాటికి చేరిన 17 వేలకు పైగా అమ్మాయిల్లో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసు దగ్గరే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్ళను వదిలేయకుండా పదేళ్ళు వెంట నడిచారు. ఒక్క డోసు కూడా ప్రమాదకర వైరస్ రకాల నుంచి 95 శాతం దాకా రక్షణ ఇస్తోందని 2021లో ప్రచురించారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇదొకటి. మూడు సూదుల ఖర్చు భరించలేని పేద దేశాలకు ఇది వరం. ఈ మేలును చూపించి, చూశారా ఆఖరికి మంచే జరిగింది అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. అనుకోకుండా దొరికిన ఫలితం అనుమతి లేమికి ప్రాయశ్చిత్తం కాదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. పరిశోధన మధ్యలో ఆగినా పిల్లల్ని విడిచిపెట్టకుండా పదేళ్ళు చూసుకున్నవాళ్ళున్నప్పుడు ఆ పిల్లలిచ్చిన రక్తం వృథా పోలేదు. మరి ఖమ్మం హాస్టళ్ళలో దుష్ఫలితాలు నమోదు చేసే ఏర్పాటే సరిగ్గా లేదని విచారణలు చెప్పాయి. తేడా అక్కడుంది.

బడుల్లో పోలియో చుక్కలు, నులిపురుగుల మాత్రలు వేస్తున్నప్పుడు ఇన్ని సంతకాలు అడుగుతున్నామా అని ఉపాధ్యాయులు అడగవచ్చు. అడగడం లేదు, ఆ స్థాయిలో అక్కర్లేదు కూడా. అవి కోట్లాది పిల్లలకు వేసి, ఫలితం తేలి, దేశమంతటా ఒకే తీరుగా అమలవుతున్నవి. ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి కొన్ని మండలాలను ఏరుకుని, ఆ పిల్లల నుంచి సమాచారం తీసుకుంటున్నప్పుడు దాని పేరు ఏదైనా సరే అది పరిశోధనే. అలాంటిదానికి గిరిజన హాస్టల్‌ను ఎంచుకోవడంలోనే ఒక సౌకర్యం దాగి ఉంది. పిల్లలంతా ఒకేచోట దొరుకుతారు, అడిగేవాళ్ళు దూరంగా ఉంటారు. తల్లిదండ్రులు అందుబాటులో లేరన్నది వార్డెన్ సంతకానికి సాకు కాకూడదు. సంక్రాంతికో దసరాకో పిల్లలు ఇంటికి వెళ్తారు, తల్లిదండ్రులు దిగబెట్టడానికి వస్తారు. ఆ రోజుల్లో అడగవచ్చు. అప్పుడూ కుదరకపోతే వేరే బడిని ఎంచుకోవాలి. నాణేనికి ఇంకో వైపు డబ్బు ఉంది. 2017లో జమ్మికుంట ప్రాంతం నుంచి డబ్బు కోసం బెంగళూరు ల్యాబుల్లో మందుల పరీక్షలకు వెళ్ళిన పెద్దవాళ్ళ ఉదంతాలు బయటపడి కలకలం రేగింది. గోదావరిఖనికి జమ్మికుంట ఎంతో దూరం కాదు. దారి ఖర్చు, పోయిన ఒక మస్టరు కూలి ఇవ్వడం న్యాయం. అంతకు మించి ఇచ్చే ప్రతి రూపాయీ బిడ్డ ఒంటిని తాకట్టు పెట్టించేదే.

ఇక చేయాల్సింది ఏమిటో చెప్పడం కష్టం కాదు. రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం కళాశాలల నైతిక సంఘాల్లో కంపెనీతో గానీ, థర్మల్ కేంద్రంతో గానీ జీతం, పింఛను, కాంట్రాక్టు సంబంధం లేని బస్తీ మనిషి ఒకరు, వీలైతే ఒక తల్లి ఉండాలి. బడిలోనో హాస్టల్లోనో పనిచేసే ఉద్యోగి సంతకం పిల్లల పరిశోధనలో చెల్లదని ఆ సంఘాలు తమ తొలి సమావేశంలోనే తీర్మానించాలి. పిల్లల ఊపిరి మీద అధ్యయనానికి డబ్బు ఎవరిచ్చినా ఫలితాలు ముందు తల్లిదండ్రులకు, తర్వాతే పత్రికలకు, ఆ పైన కంపెనీకి చేరాలి. పరీక్షలో పాల్గొన్న సంగతి మెడికల్ బోర్డుకు చేరదని, ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదని రాతలో హామీ ఉండాలి. కార్మిక సంఘాలు వేతన ఒప్పందాల మీద చూపించే పట్టుదలలో పదో వంతు దీని మీద చూపినా చాలు, ఇవన్నీ ఒక్క ఏడాదిలో అమలవుతాయి.

చదివే తల్లిదండ్రులకు ఒక్క మాట. రేపు బడి నుంచో దవాఖాన నుంచో మీ బిడ్డ పేరు రాసిన కాగితం వస్తే భయపడి చింపేయకండి, మొహమాటపడి సంతకం పెట్టేయకండి. ‘నేను వద్దంటే ఏమవుతుంది?’ అని అడగండి. ఏమీ కాదని రాసి, కింద పేరు, హోదా వేసి ఇస్తే ఆ తర్వాత మాట్లాడండి. రాసి ఇవ్వనంటే సంతకం పెట్టకండి.